పొదుపైన గృహనిర్మాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రామపు లెక్కలు వ్రాయువానికి గృహనిర్మాణముతో నేమి పని యని మీరడుగవచ్చును. ఇల్లు కట్టుట మేస్త్రీ పని. ఆ యిల్లు అప్పులో మునుగకుండ చూచుట లెక్క పని. మనకు మయసభ యక్కరలేదు. వానకు కురియని కప్పును, వడ్డీకి లొంగని గోడయు నున్న చాలును.

మన పటాన్‌చెరు చెంతనున్న కొల్లూరులో ప్రభుత్వము బహుళ అంతస్తుల భవనములలో 15,660 ఇండ్లు కట్టించి 2023లో ప్రారంభించినది. అది పెద్ద గుత్తదారులతో సాగిన పని. సొంత జాగాలో కట్టుకొను కర్మాగారపు కూలివాని మార్గము వేరు. 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ యిండ్ల పథకము అట్టివారికి 5 లక్షల రూపాయల సాయము ప్రకటించినది. ఇల్లు 400 చదరపుటడుగులకు తగ్గరాదని 2024 నాటి నిబంధన. ఆ సొమ్ము విడతలుగా, ఒక్కొక్క దశ ముగిసిన పిదప చేతికి వచ్చును. అందాక చేతిసొమ్మో అప్పో పెట్టవలెను. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినచో నెలకు 2,000 రూపాయలు వడ్డీకే పోవును. గోడలు లేచియు కప్పు పడక యిల్లు నిలిచిపోవుట యిందువలననే. కావున ఆదా మొదటి ఇటుకనుండియే మొదలు కావలెను.

ఇంగ్లండున జన్మించి, 1945లో మన దేశమునకు వచ్చి, కేరళమున స్థిరపడి 2007లో దివంగతులైన లారీ బేకర్ గారు ఈ మార్గమును ఆచరించి చూపిరి. ఇటుకలను పడుకొనబెట్టక అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ విడిచి తొమ్మిదంగుళముల గోడ కట్టుదురు. దీనికి ర్యాట్ ట్రాప్ కట్టని పేరు. పదివేల ఇటుకలు పట్టు గోడకు ఏడువేల ఐదువందలు చాలును. సున్నమైనను సిమెంటైనను తగ్గును. లోపలి గాలి వేసవి వేడిమి నడ్డగించును. మూలలును, ద్వారబంధముల ప్రక్కలును మాత్రము నిండుగా కట్టవలెను.

స్లాబులో క్రిందిభాగపు లాగుడును భరించునది ఇనుపకమ్మి. అచ్చటి కాంక్రీటు చాలవరకు వట్టి బరువు. అందుచే కమ్మీల నడుమ మంగళూరు పెంకులు పేర్చి కాంక్రీటు తగ్గింతురు. ఇది ఇంజనీరు కొలతలు లేనిదే చేయరాదు.

మన ప్రాంతమున ఎఱ్ఱనేలయు నల్లరేగడియు రెండును గలవు. ఇసుక పాలుగల ఎఱ్ఱమన్నులో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రముతో నొక్కి, తడిపి ఆరబెట్టిన దిమ్మెలకు బట్టీ నిప్పుతో పనిలేదు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులును. అది దిమ్మెలకు తగదు. అట్టి నేలలో పునాదిని కుదించుట పొదుపు గాదు, ప్రమాదము.

మట్టియిల్లు దరిద్రపుటిల్లని కొందఱందురు. అప్పుచేసి కట్టిన మేడలో నిద్రపట్టని రాత్రి అంతకంటె దరిద్రము గాదా?

రాజేంద్రనగరములోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థవారి సాంకేతిక పార్కులో ఇట్టి యిండ్ల నమూనాలు గలవు. మన గ్రంథాలయము ఇద్దఱు మేస్త్రీలను అచ్చటికి పంపి, వారు నేర్చిన కొలతలను, ఇటుకల లెక్కను తెలుగున వ్రాయించి ఈ గోడకు వ్రేలాడదీయవలెనని నా మనవి. ఇరువదియైదేండ్లుగా పుస్తకము నింటికి పంపిన మనము, పుస్తకమునుండి ఒక యింటిని గూడ నిలుపవచ్చును.