న్యాయం కోసం మొదలై రాకెట్ల దాకా: ఒక విద్యార్థి ఉద్యమం కథ

(యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు అఫ్ఘానిస్తాన్‌లోని హిజ్బ్-ఎ-ఇస్లామీ పార్టీ గురించి మాట్లాడుకుందాం. దాని వేర్లు కాబూల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. 1960ల చివర అక్కడి విద్యార్థులు రాజరికాన్నీ పేదరికాన్నీ ప్రశ్నించారు. కొందరు కమ్యూనిజంలో, మరికొందరు ఇస్లాంలో జవాబు వెతికారు. రెండో వర్గంలో ముందు నిలిచిన వారిలో గుల్బుద్దీన్ హెక్మత్యార్ ఒకరు. ఇంజనీరింగ్ చదువు పూర్తి చేయకపోయినా అనుచరులు ఆయనను ‘ఇంజనీర్’ అనే పిలుస్తారు.

1973లో దావూద్ ఖాన్ రాజును దించి, ఈ ఉద్యమాన్ని అణచివేయసాగాడు. నాయకులు పెషావర్‌కు పారిపోయారు. పాకిస్తాన్ వారికి ఆయుధ శిక్షణ ఇచ్చింది. 1975లో తిరుగుబాటు చేసి విఫలమయ్యారు. ఆ తర్వాత ఉద్యమం చీలింది. హెక్మత్యార్ హిజ్బ్‌కు, ఆచార్యుడు రబ్బానీ జమియత్-ఎ-ఇస్లామీకి నాయకులయ్యారు.

1979 డిసెంబరులో సోవియట్ సైన్యం దేశంలోకి దిగింది. సొంత గడ్డ కోసం ఆ ప్రజలు ఎదురుతిరగడం న్యాయమే. అయితే అమెరికా, సౌదీ డబ్బు పాకిస్తాన్ గూఢచారి సంస్థ చేతుల మీదుగా వచ్చింది. అందులో పెద్ద వాటా హిజ్బ్‌కు దక్కింది. బయటి డబ్బుతో బలపడిన నాయకుడికి సొంత ప్రజలకు లెక్క చెప్పే అవసరం తగ్గిపోతుంది.

1989లో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. 1992లో నజీబుల్లా ప్రభుత్వం కూలింది. తుపాకులు మాత్రం కిందికి దిగలేదు. ఒకే క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లు ఒకరిపై ఒకరు యుద్ధానికి దిగారు. హిజ్బ్ దళాలు కాబూల్ మీద రాకెట్లు కురిపించాయి. మిగతా వర్గాల చేతులకూ రక్తం అంటింది. వేలమంది సామాన్యులు చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ముస్లింలే. 1996లో తాలిబాన్లు నగరాన్ని పట్టుకున్నారు.

2016 ఒప్పందంలో హెక్మత్యార్‌కు గత చర్యలపై విచారణ ఉండదని హామీ ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన కాబూల్‌కు తిరిగొచ్చాడు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు మాత్రం న్యాయం దొరకలేదు.

ఈ కథ విని మన పక్కింటి ముస్లిం కుటుంబాన్ని అనుమానంగా చూడకండి. ఆ క్యాంపస్‌లోని కమ్యూనిస్టులూ తర్వాత తుపాకీ పట్టారు. అన్యాయాన్ని చూసి మీకు కోపం రావాలి. కానీ ఏ సంఘంలో చేరినా మూడు ప్రశ్నలు అడగండి: దీనికి డబ్బు ఎవరిది? మనతో విభేదించేవాడికి ఇక్కడ చోటుందా? మనం తప్పు చేస్తే ఎవరికి జవాబు చెబుతాం?

మన సంఘాలను కూడా ఇవే అడగాలి. ఇక మీరు మాట్లాడండి, వింటాను.