కంప్యూటరులో హక్కుల చిక్కు



ఇంటి కంప్యూటరు పాతబడి మూలపడును. దాని హార్డుడిస్కు మాత్రము చెడదు. దానిని విప్పించి క్రొత్త యంత్రమునకు తగిలింతురు. తండ్రిగారి ఫోటోలు, పొలము దస్తావేజుల ప్రతులు గల ఫోల్డరు కంటికి కనబడుచునే యుండును. తెరువబోయిన, అనుమతి లేదని యంత్రము పలుకును. వైరస్సని యొకరు, డిస్కు పోయినదని యొకరు తలంతురు. తొందరపడి ఫార్మాటు చేయించి సర్వస్వమును పోగొట్టుకొనువారును కలరు. నిజమునకు అచట పోయినదేమియు లేదు.

1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలునకును ఒక యజమానియు, ఎవరు చదువవచ్చును, ఎవరు మార్చవచ్చును అను పట్టికయు నుండును. ఆ పట్టికలో వ్రాయబడునవి పేర్లు గావు, సంఖ్యలు. ఇంటి యంత్రములలో అవి సాధారణముగా ఎస్-1-5-21 అని మొదలగును. పాత యంత్రములోని సుబ్బయ్యయు క్రొత్త యంత్రములోని సుబ్బయ్యయు మనకు ఒక్కడే, యంత్రమునకు ఇద్దరు. గ్రామమున ఒకే పేరు గల రైతులిద్దరున్నచో ఖాతా నంబరు చూడక భూమి ఎవరిదో తేల్చుదురా? యంత్రము చేయునదియు నదియే. దానిని తప్పుపట్టరాదు.

అడ్మినిస్ట్రేటరు అధికారముతో ప్రవేశించి, ఫోల్డరుపై మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ అను వరుసలో పోయి, ఓనరు అనుచోట 'చేంజ్' నొక్కి తన పేరు వ్రాయవలెను. లోపలి ఫోల్డర్లకును వర్తించునట్లు దాని క్రింది గడిలో గుర్తు పెట్టవలెను. పలువురు మరచునది దీనినే. ఇంతతో పని తీరదు. అడంగలులో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు గదా! యజమానికి దక్కునది ఆ పట్టికను దిద్దు హక్కు మాత్రమే. కావున మరల సెక్యూరిటీలో తన పేరు చేర్చి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చుకొనవలెను. అచట 'డినై' గడిలో తన పేరునకు గుర్తున్న తీసివేయవలెను. ఒకే చోట రెండునున్నచో నిషేధమే నెగ్గును.

విసిగి, సి డ్రైవు మొత్తమునకు 'ఎవ్రీవన్' అని సర్వాధికారము నిచ్చుట బొత్తిగా తగదు. లినక్సులో చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 కూడి 7 యగును. దిక్కుతోచక అందరికిని 777 అని కొట్టుటయు నిట్టి పనియే. తన ఫోల్డరునకు తన హక్కు చాలును.

అయితే డిస్కు గూఢలిపిలో నున్నచో ఈ ఉపాయములేవియు పారవు. బిట్‌లాకరు పెట్టిన డిస్కు మరియొక యంత్రములో తెరచుకొనుటకు సాధారణముగా 48 అంకెల రికవరీ కీ అడుగును. పాత యంత్రము పనిచేయుచుండగనే దానిని కాగితముపై వ్రాసి, దస్తావేజుల పెట్టెలో నుంచవలెను.