కంటి ఆస్పత్రికి రానివాళ్ళు



ఆమధ్య మా అత్తగారిని కంటి ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. ఓ.పి. చీటీ రాయించుకుని బల్లమీద కూర్చుంటే, మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. ఊరికే కూర్చోవడం మనకి చేతకాదు గదా! పక్కవాళ్ళని పలకరిస్తూ ఎవరెందుకు వచ్చారో తెలుసుకున్నాను.

ఎక్కువమంది అద్దాల కోసం వచ్చినవాళ్ళే. బడిలో బోర్డు కనబడని పిల్లలు, నలభై దాటాక సూదిబెజ్జం కనిపించని నాబోటివాళ్ళు. దీన్నే చత్వారం అంటాం. అది జబ్బు కాదు, వయసు. ఆ తరువాత శుక్లాలతో వచ్చిన పెద్దవాళ్ళు. కండ్లకలకతో ఎర్రబడ్డ కళ్ళు కొన్ని, దురదకి నులిమి నులిమి వాచిన పసికళ్ళు కొన్ని.

ఒకామె కంటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నూర్పిళ్ళలో వడ్లగింజ ఎగిరి కంట్లో తగిలిందట. నాలుగురోజులు ఆకుపసరు పోసుకుందట. నల్లగుడ్డు మీద పుండు పడింది. అలాంటి పుండు మానినా పువ్వు మిగిలిపోవచ్చు. అందుకని కంటికి దెబ్బ తగిలితే పసరు, తల్లిపాలు, ఆముదం ఏవీ పోయకండి. మందులషాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలూ వద్దు. ఆ రోజే డాక్టరుకి చూపించండి.

ఆ జనాన్ని చూసి, ఊళ్ళో కంటిజబ్బులన్నీ ఇక్కడే ఉన్నాయనుకున్నాను. పొరపాటు. ఆస్పత్రి పుస్తకంలో వచ్చినవాళ్ళ జబ్బులే ఉంటాయి. రానివాళ్ళవి ఎవరు రాస్తారు? 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల జనంలోంచి ఎంపికచేసి 10,293 మందిని పరీక్షించారు. చూపు పోయినవాళ్ళలో నూటికి 44 మందికి కారణం శుక్లం. మరో 16 మందికి దృష్టిదోషం. అంటే సగానికి పైగా ఆపరేషనుతోనో అద్దాలతోనో చాలావరకు చక్కబడేవే! ఇంకో సంగతి, అంధత్వం మగవారిలోకన్నా ఆడవారిలో ఎక్కువగా కనిపించింది.

ఎందుకో వేరే చెప్పాలా? మా అత్తగారు “శుక్లం ముదరనీవే, మనవరాలి పెళ్ళి కానీ” అంటూ రెండేళ్ళు గడిపారు. బియ్యంలో రాళ్ళు ఉండిపోతే నేను విసుక్కున్నానే గాని, పాపం చూపు ఆనడం లేదేమోనని అనుకోలేదు. తీరా చూస్తే శుక్లాలతోపాటు నీటికాసులు కూడా ఉన్నాయి. ఎడమకన్ను అప్పటికే దాదాపు పోయింది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదన్నారు డాక్టరుగారు. కుడికంటికి ఆపరేషను చేశారు. ఉన్న చూపు నిలవడానికి రోజూ చుక్కలు వేస్తున్నాం. కట్టు విప్పాక నా మొహంకేసి చూసి, “నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?” అన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

శుక్లం ముదరాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు చూపు మసకై పనికి అడ్డం వస్తే చాలు, తీసేసి లోపల కృత్రిమ కటకం అమరుస్తారు. నీటికాసులూ, షుగరువ్యాధి వల్ల రెటీనా చెడడమూ మొదట్లో తరచు నొప్పి లేకుండానే సాగిపోతాయి. నొప్పి లేదు గదా అని ఊరుకోకూడదు సుమా! షుగరున్నవాళ్ళు ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలి. నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా రక్తసంబంధీకుల్లో ఎవరికైనా నీటికాసులున్నవాళ్ళు, తప్పక పరీక్ష చేయించుకోవాలి.

ఇవాళ వంటపని అయ్యాక ఒక చిన్నపని చేయండి. ఒక కన్ను మూసి గోడమీది కేలండరు చూడండి, తరువాత రెండోదానితో చూడండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోపం రెండోది కప్పిపుచ్చుతుంది. తేడా ఉంటే వెంటనే వెళ్ళండి. లేకపోయినా పరీక్ష మానకండి. ఇంట్లో పెద్దావిడ చేత కూడా చేయించండి. “నాకేం, బాగానే ఉన్నాను” అని ఆవిడ అంటే మాత్రం నమ్మకండి.

శలవు.