జీవశాస్త్ర పరిశోధన ఎవరి కోసం?

(మన సంఘం శిక్షణ తరగతుల్లో ఒక విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖ పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"ఇన్నేళ్లు పరిశోధన అంటున్నావు, ఏం కనిపెట్టావురా?" అని మా ఊళ్లో అడుగుతుంటారు. అడిగే హక్కు వాళ్లకుంది. నాకొచ్చే ఫెలోషిప్ ప్రజల డబ్బే. నా సంగతి కంటే ఒక జన్యువు కథ చెబితే మా పని ఎలాంటిదో మీకు తేలిగ్గా తెలుస్తుంది.

వరిలో ఎండాకు తెగులు మీకు కొత్త కాదు. ఆకు కొన నుంచి, అంచుల వెంట ఎండుకుంటూ దిగుతుంది. యూరియా ఎక్కువైన మడిలో మరీనూ. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. బూజు తెగుళ్ల మందులు దీనిమీద పనిచేయవు, అయినా దుకాణంలో డబ్బా చేతిలో పెడుతూనే ఉంటారు. తెగులు సోకిన ఆకు కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లలో ముంచి చూడండి. కోసినచోట నుంచి పాలలాంటి ద్రవం సన్నగా కారితే బ్యాక్టీరియానే. మైక్రోస్కోపు అక్కర్లేదు.

1977లో కటక్‌లో మన శాస్త్రవేత్తలు ఒక అడవి వరి మొక్కను పరీక్షించారు. అది ఆఫ్రికాలోని మాలి దేశానిది. ఇక్కడ పరీక్షించిన ఏ రకం బ్యాక్టీరియా కూడా దాన్ని లొంగదీయలేకపోయింది. మాలిలో భూమిలేని పేదలు తినే గింజ అది. ఆ నిరోధక శక్తిని సాగు వరిలోకి తేవడానికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందానికి 12 ఏళ్లు పట్టింది. రెండు మూడేళ్లలో ఫలితం చూపమనేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. తర్వాత 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును వేరుచేసింది. దాని పేరు ఎక్స్‌ఏ21. విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. లైసెన్సు డబ్బులో కొంత, జన్యువు ఇచ్చిన దేశాల విద్యార్థుల చదువుకు వెళ్లాలని రోనాల్డ్ పట్టుబట్టి ఒక నిధి పెట్టించారు. మంచి మనసే. కానీ ఒకరి మంచితనం మీద వచ్చే వాటాను హక్కు అనలేం.

ఇక మన సాంబ మసూరి, అదే బీపీటీ 5204. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. అన్నానికి తిరుగులేదు గానీ ఈ తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఎక్స్‌ఏ21తో పాటు మరో రెండు జన్యువుల్ని అందులోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. ఇది జన్యుమార్పిడి కాదు, సంకరమే. కావలసిన జన్యువులున్న మొక్కల్ని డీఎన్‌ఏ గుర్తులతో ఏరుకున్నారు. రెండూ ప్రభుత్వ సంస్థలే. ఇది హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు.

ఇలాంటి పని చేసేవాళ్లు మాలాంటి శాఖల్లోనే తయారవుతారు. ఆ శాఖల్లో చూస్తే ఖాళీ కుర్చీలు, గెస్టు అధ్యాపకులు, నెలల తరబడి ఆగిన ఫెలోషిప్పులు. కరెంటు పోతే ఫ్రీజరులోని నమూనాలు పాడవకుండా ఐసు ముక్కల కోసం మేం పరుగెత్తిన రాత్రులున్నాయి. గిట్టుబాటు ధర కోసం మీరిచ్చే వినతిపత్రంలో ఈ పోస్టుల భర్తీ కూడా ఒక డిమాండుగా రాయమని కోరుతున్నాను. విత్తనం కంపెనీ చేతిలోకి పోయాక ధర్నా చేసేకన్నా ఇది తేలిక.

ఇంకొక్క మాట. మడంతా తెగులొచ్చి ఒక దుబ్బు మాత్రం పచ్చగా నిలిస్తే, కోతల్లో కలిపేయకండి. పక్కన కర్ర పాతండి. కంకులు విడిగా కోసి, ఆరబెట్టి, కాగితం సంచిలో వేయండి. రకం పేరు, నాటిన తేదీ సంచి మీద రాసి దగ్గర్లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇవ్వండి. వాటిలో చాలావరకు తెగులు అంటక తప్పించుకున్నవే అయ్యుంటాయి. అయినా పరీక్షించాల్సిందే.