ముందు కూలి, తర్వాతే బాప్తిస్మం

శ్రీరాంపూర్ శ్రోతలారా, తట్టా పారా పని మీకు కొత్తేం కాదు. 1876లో మొదలైన కరువప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశారో తెలుసా? బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు పట్టారు. కూలికి వచ్చినవాళ్లలో మాదిగలు ఎందరో. వాళ్లపైన తన బోధకులనే పెట్టారు. అలుపు తీర్చుకునే వేళ ప్రార్థన, మళ్లీ మట్టి పని. బాప్తిస్మం అడిగితే మాత్రం, ఇప్పుడు కాదన్నారు. అవును, ముందు కూలి, తర్వాతే బాప్తిస్మం!

1878 జులై 3. ఊరి బావిని తాకే వీల్లేని జనం గుండ్లకమ్మ ఏట్లోకి దిగారు. ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. తిండి కోసమే మతం మారారని ఎత్తిపొడిచేవాళ్లను తేదీలు చూడమనండి. అప్పటికి కాలువ పని ముగిసింది.