పొగాకులోని నికోటిను – ఇచ్చు చురుకెంత, చేయు చేటెంత?

(గోస్పాడు మండల పంచాయతీ సభ్యుల సమావేశమునకై సిద్ధపరచిన ప్రసంగ పాఠము)



కె.సి. కాలువ క్రింది రైతుకు నీటి వంతు అర్ధరాత్రి వచ్చినచో ఆ రాత్రియంతయు గట్టుమీద జాగరణయే. నిద్ర నాపుకొనుటకు చుట్టయో బీడీయో వెలిగించుట గోస్పాడులోనైనను, దీబగుంట్లలోనైనను క్రొత్త సంగతి కాదు. “పొగ త్రాగనిదే కన్ను నిలువదు” అని రైతు అనును. ఆ మాటను మేము త్రోసివేయుట లేదు. అందులో కొంత నిజము కలదు. ఆ నిజమెంతయో, దానికి చెల్లించు మూల్యమెంతయో నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

పొగాకులో మనస్సునకు చురుకు కలిగించు పదార్థము నికోటిను. 1560 ప్రాంతమున పోర్చుగల్‌లో రాయబారిగా నుండి పొగాకును ఫ్రాన్సు దేశమునకు పంపిన జాన్ నికో పేరున దీనికా పేరు వచ్చినది. 1828లో జర్మనీ శాస్త్రజ్ఞులు దీనిని ఆకునుండి వేరుచేసిరి. మొక్క దీనిని తయారుచేయునది మన కొరకు కాదు, తన్ను తినవచ్చు పురుగులను చంపుటకు. ప్రకృతి వ్యవసాయము చేయు రైతులు అగ్నిఅస్త్రములో పొగాకు వేయుట మీరెరిగినదే. పురుగు నరములను పట్టు ఆ విషమే కొద్ది మోతాదులో మన నరములను పట్టును.

బీడీ పొగ పీల్చిన పది, ఇరువది సెకండ్లలో నికోటిను మెదడును చేరును. గుండె వేగము, రక్తపు పోటు పెరుగును. మెలకువ, ఏకాగ్రత కొంతసేపు కలుగును. రెండు గంటలలో రక్తములోని నికోటిను సగమునకు తగ్గును. అప్పుడు అలవాటుపడిన వానికి చిరాకు, ఆవులింతలు, మనస్సు నిలువకపోవుట మొదలగును. మరియొక బీడీ త్రాగినచో అవి పోవును. దానిని అతడు చురుకుదనమనుకొనును. నిజమునకు వెనుకటి బీడీ పెట్టిన బాకీని ఈ బీడీ తీర్చినది, అంతియే. వడ్డీకి అప్పు తెచ్చి పాత వడ్డీ కట్టిన రైతు స్థితియే ఇది.

ఇచట ఒక భేదము గుర్తింపవలెను. అలవాటున కట్టివేయునది నికోటిను. క్యాన్సరు, ఊపిరితిత్తుల జబ్బులు ముఖ్యముగా తెచ్చునది పొగ. ఆ పొగలో ఏడు వేలకు పైగా రసాయనములు కలవు. అందు అరువదికి మించి క్యాన్సరు కారకములు. బీడీ చిన్నదని, ఆకుతో చుట్టినదని తేలికగా చూడరాదు. పొగలేని ఖైనీ, గుట్కాలు నోటి క్యాన్సరునకు దారితీయును. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ వలన అంగిలికి క్యాన్సరు వచ్చుట వైద్యులు ఏనాడో గమనించిరి.

కావున అలవాటు మానదలచిన వానికి వైద్యశాస్త్రము ఒక ఉపాయము చూపినది. పొగను పూర్తిగా విడిచి, నికోటినును మాత్రము కొద్దికొద్దిగా మందురూపమున ఇచ్చి, క్రమముగా దానిని కూడ తగ్గించుటయే ఆ ఉపాయము. నికోటిను చూయింగ్ గమ్, చర్మముపై అంటించు పట్టీ ఇట్టివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోను, భారత ప్రభుత్వము 2022లోను వీనిని అత్యవసర ఔషధముల జాబితాలో చేర్చినవి.

వీనికిని కొన్ని ఇబ్బందులు కలవు. అవి చాలవరకు వాడుక తెలియక వచ్చునవే.

1. గమ్మును మిఠాయివలె గబగబ నమలరాదు. ఘాటు తగులువరకు మెల్లగా నమిలి, పిదప బుగ్గకు, చిగురునకు మధ్య నుంచవలెను. ఘాటు తగ్గిన పిమ్మట మరల నమలవలెను. తొందరపడి నమిలి ఊటను మ్రింగినచో వెక్కిళ్ళు, వికారము, కడుపులో మంట కలుగును.

2. గమ్ము వాడుటకు పావుగంట ముందునుండియు, అది నోట నున్నంతసేపును కాఫీ, నిమ్మరసము, సోడా త్రాగరాదు. త్రాగినచో మందు సరిగా పట్టదు.

3. పట్టీని దినమున కొకచోట మార్చి అంటింపవలెను. లేనిచో దురద, ఎరుపు కలుగును. నిద్ర చెడినచో రాత్రి దానిని తీసివేయవచ్చునేమో వైద్యుని అడుగవలెను.

4. పొగ మానినవారి ఒంటిలో కాఫీ, టీల ప్రభావము మునుపటికంటె ఎక్కువసేపు నిలుచును. గుండెదడ, నిద్రలేమి తోచినచో వానిని తగ్గింపవలెను.

5. గర్భిణులు, గుండెజబ్బు కలవారు వైద్యుని అడుగక వాడరాదు. పిల్లలకు అందనీయరాదు, పెద్దలకు మందైనది వారికి విషము.

మానిన మొదటి మూడు దినములు మిక్కిలి కష్టముగా నుండును. రెండు మొదలు నాలుగు వారములలో ఆ బాధ చాలవరకు తగ్గును. ఒక సంవత్సరము గడచునప్పటికి పొగవలన గుండెకు గల అదనపు ముప్పు దాదాపు సగమగును.

అలవాటు లేనివారు మాత్రము చురుకు కొరకు ఈ మందు ముట్టరాదు. రాత్రి నీరు కట్టవలసియున్నచో మధ్యాహ్నము గంటసేపు నిద్రించుట, ఇద్దరు రైతులు వంతులవారీగా మేల్కొనుట మేలు. పొగాకు పండించు చోట్ల మంచుతో తడిసిన ఆకు కోయువారికి చర్మముద్వారా నికోటిను ఎక్కి వాంతులు, తలత్రిప్పు వచ్చును. ఆకు ఆరిన పిదప కోయుట, చేతులకు తొడుగులు, నిండుచేతుల చొక్కా ధరించుట దీనికి నివారణ.

ఇక పంచాయతీ చేయవలసిన పని. 2003 నాటి చట్టము ప్రకారము బహిరంగ స్థలములందు పొగ త్రాగరాదు. త్రాగినచో రెండు వందల రూపాయల వరకు జరిమానా కలదు. పదునెనిమిది ఏండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదు. బడికి నూరు గజములలోపల అమ్మకము కూడదు. పంచాయతీ కార్యాలయము, రచ్చబండ, బడి ఆవరణ పొగలేని చోట్లుగా నుండవలెనని గ్రామసభలో తీర్మానించి, బోర్డు కట్టించుడు. బడిముందరి అంగడివానిని పిలిచి నెమ్మదిగా చెప్పుడు. మానదలచిన వారికి 1800 11 2356 అను ఉచిత టెలిఫోను సంఖ్యను తెలిపి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో నంద్యాల ప్రభుత్వాసుపత్రికో పంపుడు.

అలవాటుపడిన వానిని నిందించుటవలన ప్రయోజనము లేదు. అతడు చెడ్డవాడు కాడు; బాకీలో చిక్కినవాడు. బాకీ తీర్చు దారి చూపి, తీరువరకు తోడు నిలుచుట గ్రామపెద్దల ధర్మము. మీలో చుట్ట, బీడీ త్రాగు సభ్యులున్నచో వారు ముందుగా మానుదురు గాక. పది ప్రసంగములు చేయలేని పని ఆ ఒక్క ఉదాహరణ చేయును.