ఇంటికి రెండు వందల గుర్రాలు



ఈ పూట మనం ముచ్చటించుకోబోయేది వంటింటి సంగతీ కాదు, కుట్లు అల్లికల సంగతీ కాదు. కారు గురించి. “కార్ల విషయం మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా” అని రేడియో కట్టేయకండి. చాలా ఇళ్ళలో సొంత ఇంటి తరువాత అంత డబ్బు పోసి కొనే వస్తువు ఇదొక్కటే. పైగా పిల్లల్ని ఎక్కించేదీ, దించేదీ, అత్తగారిని చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టేదీ మనమే. అటువంటప్పుడు మనకు తెలియకపోతే ఎలా?

ఇప్పుడు పట్నంలో ఎక్కడ చూసినా పెద్ద బండ్ల ముచ్చటే. ఎస్‌యూవీలంటారు. ఎత్తుగా, ఠీవిగా, ఏడుగురు కూర్చునేటట్లు ఉంటాయి. బండి బుక్ చేసిన దగ్గర నుంచీ ఇంట్లో సందడి మొదలవుతుంది. ఆయన భోజనాల దగ్గర టర్బో అంటారు, టార్క్ అంటారు. అబ్బాయి ఫోనులో వీడియోలు చూసి “నాన్నా, చక్రాలు మార్పిద్దాం, ముందు కడ్డీలు వేయిద్దాం, ఇంజన్‌కు చిప్ పెట్టిద్దాం” అంటాడు. ఆ ఉత్సాహాన్ని తప్పు పట్టనక్కరలేదు. ఇంటిల్లిపాదీ కలిసి సంతోషించే సందర్భం అది. కాకపోతే ఆ సంబరంలో మన మాట కూడా ఒకటి ఉండాలి. అది తెలిసి చెప్పే మాట కావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మహీంద్రా వారి ఎక్స్‌యూవీ సెవెన్ హండ్రెడ్ అనే బండి 2021లో వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 7న బుకింగులు తెరిస్తే మొదటి 25 వేల బండ్లు 57 నిమిషాల్లో అయిపోయాయి. చీరల దుకాణంలో ఆషాఢం తగ్గింపులప్పుడు కూడా అంత తోపులాట ఉండదేమో! అదే బండి మార్పులు చేర్పులతో, ఎక్స్‌యూవీ సెవెన్ ఎక్స్‌ఓ అనే కొత్త పేరుతో 2026 జనవరిలో మళ్ళీ వచ్చింది. 2021 నాటి పెట్రోలు బండిలో రెండు లీటర్ల టర్బో ఇంజన్ ఉండేది. దాని శక్తి సుమారు 200 గుర్రాలు. మన ఇళ్ళలో చాలామంది మొట్టమొదట ఎక్కిన మారుతి 800 గుర్తుందా? 1983లో వచ్చినప్పుడు దాని శక్తి దాదాపు 40 గుర్రాలు. అంటే ఐదు మారుతీల బలం ఒక్క బండిలో ఉన్నదన్నమాట.

ఈ టర్బో ఏమిటంటారా? మన పెద్దవాళ్ళు ఊదుగొట్టంతో పొయ్యి ఊదేవారు. గాలి ఎక్కువ తగిలితే మంట భగ్గుమంటుంది. ఇదీ అంతే. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ వేగంతోనే ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది గాలిని ఒత్తిపెట్టి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే ఇంధనం ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. ఇక టార్క్ అనేది ఈడ్చే బలం. ఏడుగురు మనుషులూ, పెట్టెలూ, ఆవకాయ జాడీలూ వేసుకుని అరకు ఘాట్ ఎక్కేటప్పుడు బండి రొప్పకుండా ఉండడానికి ఇది కావాలి. రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటవలసినప్పుడు ఎదురు వరుసలో ఎక్కువసేపు ఉండనివ్వకుండా గట్టెక్కించేదీ ఇదే. కాబట్టి బలం వృథా అని నేననను. కుటుంబానికి దాని ఉపయోగం దానికుంది.

అయితే ఆ బలం ఎంతవరకు మనకు అక్కరకొస్తుందో కూడా చూడాలి. తిరుమల కొండకు వెళ్ళామనుకోండి. ఘాట్ రోడ్డులో ఇంత సమయానికి ముందు చేరకూడదని నియమం ఉన్నది. అక్కడ 40 గుర్రాల బండీ, 200 గుర్రాల బండీ ఒక్కలాగే స్వామి దగ్గరికి చేరతాయి.

ఇంకొక లెక్క చెబుతాను. వేగం రెండింతలైతే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకండులో సుమారు 28 మీటర్లు పోతుంది. వెనక్కి తిరిగి “ఏడవకురా కన్నా” అని చెప్పేంతలో రెండు సెకండ్లు అయిపోతాయి. అంటే చూడకుండా 56 మీటర్లు పోయినట్లే.

“మా బండికి ఐదు నక్షత్రాలొచ్చాయి, భయం లేదు” అని అంటూ ఉంటారు. మంచిదే. ఇందాక చెప్పుకున్న బండికి 2021 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు, పిల్లల రక్షణకు నాలుగు వచ్చాయి. మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష 2023 అక్టోబరు 1 నుంచి మొదలైంది. కానీ ఇక్కడ రెండు విషయాలు గమనించండి. పెద్దల నక్షత్రాలు వేరు, పిల్లల నక్షత్రాలు వేరు. షోరూములో రెండూ అడగాలి. రెండోది, ముందు నుంచి గుద్దించి చూసే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. అదే బండి 128లో పోతుంటే దెబ్బ నాలుగింతలని ఇప్పుడే చెప్పుకున్నాం కదా. ఆ నక్షత్రాలు అక్కడికి మనతో రావు.

ఇక కొనేముందు ఆడవాళ్ళు తప్పకుండా చేయవలసిన పని ఒకటుంది. షోరూముకు వెళ్ళినప్పుడు అందరూ స్టీరింగు ముందు కూర్చుని మురిసిపోతారు. మీరు మాత్రం నేరుగా మూడో వరుసలోకి వెళ్ళండి. ఎందుకంటే, ప్రయాణంలో అక్కడ కూర్చునేది సాధారణంగా మనమూ, పిల్లలూనే! రెండో వరుస సీటు మడిచి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళగలరా? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయా? తల వెనక ఆనుడు ఉందా? భుజం మీదుగా వచ్చే బెల్టు ప్రతి సీటుకూ ఉందా? ఏసీ గాలి అక్కడికి వస్తుందా? అన్ని సీట్లూ ఎత్తి ఉంచితే వెనక సామానుకు ఎంత జాగా మిగులుతుంది? ఇవన్నీ సిగ్గుపడకుండా చూసుకోండి. అత్తగారిని కూడా తీసుకెళ్ళి ఒకసారి ఎక్కించి దించి చూడండి.

సరే, బండి ఇంటికొచ్చింది. పసుపు కుంకుమలు పెట్టాం, నిమ్మకాయలు తొక్కించాం. ఇక హంగులు. వాటిలో చేయించకూడనివి ముందు చెబుతాను.

ముందు బంపరుకు వేసే ఇనుప కడ్డీలు చూడ్డానికి గంభీరంగానే ఉంటాయి. కానీ బండి ముందుభాగాన్ని గుద్దుకున్నప్పుడు నలిగిపోయేటట్లుగా కావాలనే తయారుచేస్తారు. అది నలిగి దెబ్బను తాను మింగుతుంది. కడ్డీ వేస్తే ఆ దెబ్బ నేరుగా చట్రానికీ, అక్కడి నుంచి మనకీ వస్తుంది. గాలిసంచులు, అదేనండీ ఎయిర్‌బ్యాగులు, సరైన సమయానికి తెరుచుకోకుండా పోవచ్చు. రోడ్డు మీద నడిచేవాళ్ళకూ ప్రమాదమే. అందుకనే 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వీటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

కొన్ని బండ్లలో పక్క గాలిసంచులు సీటు అంచులోనే ఉంటాయి. దానికి పైన మందపాటి తోలు కవరు బిగించి కుట్టించామనుకోండి, సంచి బయటికి రావలసిన దారి మూసేసినట్లే. కొత్త సీటు మురికి కాకూడదని మనమే పట్టుబట్టి కవర్లు వేయిస్తాం! వేయించాలంటే ఆ సంచికి దారి వదిలి కుట్టినవే అడగండి.

ఇంకొక మాట, భక్తితోనే చెబుతున్నాను. డాష్‌బోర్డు మీద, ఎడమవైపు సీటు ఎదురుగా గాలిసంచి మూత ఉంటుంది. అక్కడ దేవుడి విగ్రహం అతికించకండి. సంచి కనురెప్పపాటులో విచ్చుకుంటుంది. ఆ విసురుకు గట్టి విగ్రహం మన ముఖం మీదికే వస్తుంది. స్వామిని ఆ మూతకు దూరంగా, చిన్న పటంగా పెట్టుకుంటే ఆయనేమీ అలగడు.

బెల్టు పెట్టుకోకపోతే మోగే గంటను నోరు మూయించడానికి దొంగ క్లిప్పులు అమ్ముతుంటారు. ఇవి అమ్మవద్దని వినియోగదారుల రక్షణ కేంద్ర సంస్థ 2023 మే నెలలో ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించింది. ఇంట్లో అటువంటిది కనిపిస్తే చెత్తబుట్టలో వేయండి.

చిప్ పెట్టించి ఇంజన్ బలం పెంచడం, అవసరానికి మించిన వెడల్పు చక్రాలు వేయించడం అబ్బాయిల కోరికలు. చిప్ పెడితే కంపెనీ ఇచ్చిన వారంటీ పోతుంది. చక్రం పెద్దదైతే స్పీడు చూపే ముల్లు తప్పు చెబుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టవిరుద్ధంగా మార్పిస్తే ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని పడవచ్చు. ఇన్సూరెన్సువారికి చెప్పకుండా చేయించిన మార్పుల వల్ల, కష్టకాలంలో రావలసిన డబ్బుకు చిక్కు రావచ్చు.

ఇంటి లెక్కలు రాసేది మనమే కాబట్టి ఇదొక్కటి విని పెట్టుకోండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతామనుకుందాం. లీటరుకు 15 ఇస్తే 67 లీటర్లు చాలు. తొక్కి తొక్కి నడిపి లీటరుకు 10 వస్తే 100 లీటర్లు కావాలి. నెలకు 33 లీటర్ల తేడా! బలమైన బండిని నెమ్మదిగా నడిపితే ఆ డబ్బు మన పోపుల డబ్బాలో మిగులుతుంది.

మరి చేయించవలసిన హంగులేమిటి? మొదటిది పిల్లల సీటు. నెలల పాపాయిని ఒళ్ళో పెట్టుకుంటే అంతకు మించిన రక్షణ లేదనుకుంటాం. అమ్మ ఒడి కదా! కానీ గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల పాప ఆ క్షణంలో సుమారు మూడు వందల కిలోల బరువై ముందుకు పోతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. పిల్లల సీటు వెనక వరుసలో బిగించాలి. చాలా కొత్త బండ్లలో దానికోసం సీటు సందులో ఇనుప కొక్కేలు ఉంటాయి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును, పనిచేసే గాలిసంచి ఉన్న ముందు సీటులో మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన చట్టం చెబుతున్నది. పైకప్పు అద్దం తెరిచి పిల్లల్ని నిలబెట్టడం సరదా కాదు. సడన్ బ్రేకు పడితే ఆ అంచు వాళ్ళ మెడకో, పొట్టకో తగులుతుంది.

రెండోది వెనక బెల్టు. దీనికి పైసా ఖర్చు లేదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదం గుర్తుండే ఉంటుంది. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ అందులో మరణించారు. అది ఎంతో ఖరీదైన ఎస్‌యూవీ. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ బతికారు, వెనక ఉన్న ఇద్దరూ పోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. “చీర నలుగుతుంది”, “పెళ్ళికి పోతున్నాం కదా” అని మనం వదిలేసేది ఆ బెల్టునే.

మూడోది పెద్దవాళ్ళు ఎక్కడానికి పక్కన కాలిమెట్టు. కంపెనీ వారు ఆ బండికని ఇచ్చేదే వేయించండి. నాలుగోది టైర్లలో గాలి. నెలకొకసారి, బండి నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూపించాలి, స్టెప్నీతో సహా. అయిదోది సామాను. స్టీలు డబ్బాలు, నీళ్ళ సీసాలు సీటు వెనక గట్టు మీద వదలకండి. బ్రేకు పడితే అవి రాళ్ళవుతాయి. నడిపేవారి కాళ్ళ దగ్గర పరుపు మీద పరుపు వేయకండి, బ్రేకుకు అడ్డం పడుతుంది. ఎత్తైన బండికి ముందు గాని వెనక గాని కూర్చుని ఆడుకునే పసివాడు నడిపేవారికి కనపడడు. కదిలించేముందు పిల్లలెక్కడున్నారో లెక్క చూసుకోవడం ఇంటివారందరికీ అలవాటు కావాలి.

ఇవన్నీ చెప్పానని మీ ఇంటి సంబరం మీద నీళ్ళు చల్లుతున్నాననుకోకండి. బండి కొనండి, హాయిగా తిరగండి. వీలైతే మీరూ నడపడం నేర్చుకోండి. ఆటోమేటిక్ గేర్లు, తేలికపాటి స్టీరింగు వచ్చాక పెద్ద బండి ఆడవాళ్ళకు నడపరానిదేమీ కాదు. హంగుల జాబితా రాసే రోజున మాత్రం కాగితం మీరందుకోండి. మొదటి వరుసలో పిల్లల సీటు రాయండి. మిగిలిన డబ్బుతో అబ్బాయి కోరిక ఏదైనా, నియమానికి లోబడినది, తీర్చవచ్చు. తాళం తిప్పేముందు “అందరూ బెల్టులు పెట్టుకున్నారా?” అని అడిగే గొంతు మాత్రం మీదే కావాలి. మూడో వరుస నుంచి కూడా “ఆ, పెట్టుకున్నాం” అని జవాబు వచ్చిన తరువాతే బండి కదలాలి.

ఇక సెలవు. నమస్కారం.